జ్వరమునకు రక్తసాక్ష్యము



వానలు వెలసి గట్లమీద గడ్డి మోకాలెత్తు పెరిగిన కాలమున తిరుపతి, చిత్తూరు ప్రాంతముల పల్లెలలో జ్వరములు వ్యాపించుట అందఱు నెఱిగినదే. ప్రజలు వానినన్నిటిని విషజ్వరమను ఒక్క పేరుతోనే పిలుతురు. ఆ పేరు చాటున దాగిన వానిలో స్క్రబ్ టైఫస్ ఒకటి. ఆంధ్రప్రదేశ్ దక్షిణభాగమున వ్యాపించిన ఈ జ్వరమును గూర్చి తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2016లో భారతీయ వైద్య పరిశోధన పత్రికయందు వ్యాసము ప్రకటించిరి. కావున ఇది దూరదేశపు ముచ్చట కాదు.

దీనిని వ్యాపింపజేయునది పిడుదుకు జ్ఞాతియైన అతి సూక్ష్మమగు పురుగు. పొదలలోను, గడ్డిలోను, ఎలుకలు తిరుగు తావులలోను ఉండును. అది పిల్లగా నున్న దశలోనే మనుష్యుని కఱచును. కఱచినచోట కొందఱికి నొప్పి లేని నల్లని పక్కు కట్టును. అది చంకలోనో, గజ్జలోనో, నడుమునొద్దనో యుండుటచే రోగియే దానిని గమనింపడు. పిడుదులవలన వచ్చు మచ్చలజ్వరము ఈ వ్యాధికి దగ్గఱి చుట్టము.

పక్కు కానరానప్పుడు రక్తమే సాక్ష్యము చెప్పవలెను. శత్రువు ప్రవేశింపగా శరీరము ప్రతిరక్షకములను తయారుచేయును. వానిని వెదకుటయే ఈ పరీక్షల మర్మము. 1916లో వైల్, ఫెలిక్స్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఒక వింత గనిరి. టైఫస్ రోగి రక్తరసము, ఆ రోగముతో సంబంధమే లేని ప్రోటియస్ అను సూక్ష్మజీవులను గుంపులుగా పేరుకొనజేసినది. రెంటి పైపొరలలో గల పోలికయే ఇందులకు కారణము. దొంగ దొరకనప్పుడు వాని పోలిక గలవానిని చూపి సాక్షి నడుగుట వంటిదీ పరీక్ష. ఇందు ఓఎక్స్‌కె అను రకము స్క్రబ్ టైఫస్‌ను, ఓఎక్స్2 అను రకము పిడుదు జ్వరములను సూచించును. ఖర్చు స్వల్పమే కాని, రోగమున్నను పెక్కుమార్లు ఇది పట్టియీయదు.

ఎలైసా పరీక్ష ఇంతకంటె నమ్మదగినది. ఇందు అసలు సూక్ష్మజీవి మాంసకృత్తునే పలకకు అంటించి, రోగి రక్తరసమును చేర్తురు. ఐజిఎం అను తొలి ప్రతిరక్షకములున్నచో అవి దానిని పట్టుకొనును. తరువాత చేర్చు ద్రవములవలన రంగు తేలును.

ఐనను ఒక్క విషయము మఱవరాదు. ప్రతిరక్షకములు పుట్టుటకు దినములు పట్టును. జ్వరము వచ్చిన మూడవనాడు పరీక్షించి, లేదని పత్రము వచ్చినంతమాత్రమున రోగము లేదనరాదు. మొదటివారము గడచిన పిదపనే సాక్ష్యము బలపడును. రెండువారముల యెడముతో రెండుమార్లు రక్తము తీసి చూడగా, ప్రతిరక్షకముల పాలు నాలుగింతలు పెరిగినచో రోగము రూఢియగును. మఱియొక చిక్కు గలదు: ఐజిఎం నెలల తరబడి నిలిచియుండుటచే, పాత జ్వరపు జాడ క్రొత్త జ్వరమునకు అంటగట్టబడవచ్చును.

అట్లని వైద్యము పరీక్షకై ఆగరాదు. టైఫాయిడని తలచి ఇచ్చు పెక్కు మందులు ఈ సూక్ష్మజీవిపై పనిచేయవు. ఇది శరీరకణముల లోపల దాగి పెరుగును. ఆలస్యమైన కొలది ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. సకాలమున డాక్సీసైక్లిన్ ఇచ్చినచో పెక్కురు రెండుమూడు దినములలోనే తేఱుకొందురు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇత్తురు. కావున అనుమానము గలిగినంతనే వైద్యుడు మందు మొదలిడుట, పరీక్ష వెనుక వచ్చి దానిని బలపఱచుట, ఇదియే సరియైన క్రమము.

ఇందు రోగి కర్తవ్యమును కలదు. అయిదుదినములు దాటిన జ్వరముతో వైద్యునొద్దకు పోవువాడు, తాను గడ్డి కోసెనో, పశువులను మేపెనో, అడవికి పోయెనో తప్పక చెప్పవలెను; ఒంటిపై నల్లని పక్కును వెదకి చూపవలెను. ఆ ఒక్క మాట, రక్తము సాక్ష్యమీయజాలని తొలిదినములలో, ప్రాణము నిలుపగలదు. ఇరువదియైదేండ్లుగా గ్రామమునకు అక్షరదీపమైన గ్రంథాలయము ఈ మాటను ఇంటింటికి చేర్చినచో, రజతోత్సవమునకు అంతకుమించిన సార్థక్యము లేదు.