ఉలవలు తిన్నవాళ్ళ ఊరు
(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత సోషల్ మాస్టారు చేసిన ప్రసంగం)

నా దగ్గర చదువుకున్న మిమ్మల్ని పిల్లలంటాను గానీ, మీలో కొందరు తాతలయ్యారు.

మన బడిలో విహారయాత్ర అంటే హంపి. ఒక ఏడాది పట్టుబట్టి, దారిలో బళ్ళారి పక్కన సంగనకల్లులో బస్సు ఆపించాను. దిగగానే "గుడేది సార్? కోటేది?" అన్నారు. రెండూ లేవు. ఉన్నవి బండల కొండలు, వాటి మీద సుమారు 4000 ఏళ్ళ కిందట జనం కాపురమున్న జాగాలు.

కొండ మీద డోలరైట్ అనే నల్లరాయి ఉంది. దానితోనే గొడ్డళ్ళు చేసుకున్నారు. చెక్కినప్పుడు రాలిన పెచ్చులు ఇప్పటికీ నేలంతా ఉన్నాయి. బండల మీద మూపురాల ఎద్దుల బొమ్మలు కొట్టారు. కొన్ని బండలను రాతితో తడితే గంటలా మోగుతాయి. వాళ్ళూ అలా మోగించారనడానికి అరిగిన గుంటలే గుర్తు.

ఆ ప్రాంతంలో బూడిద దిబ్బలూ ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటంటారు. నిజానికి అది కాలిన పశువుల పేడ. 1957లో ఆల్చిన్ అనే పండితుడు పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్వితే, బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. బంగారంలాంటి ఎరువును ఎందుకు తగలబెట్టారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆల్చిన్ పండుగ మంటలతో పోల్చాడు. నేనది చెప్పేలోపే వెనక నుంచి ఒకడు "భోగి మంట సార్!" అన్నాడు.

తవ్వకాల్లో మాడిన గింజలు దొరికాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు. రాజుల పేర్లు చెబితే ఆవలించే పిల్లలు, ఉలవలనగానే దగ్గరికి జరిగారు. మా అవ్వ ఉలవచారు కాస్తుందని ఒకమ్మాయి చెప్పింది. నేను చెప్పిన చరిత్ర పాఠాల్లో అంతగా అందింది మరొకటి లేదు.

ఆ కొండలకు క్వారీల బెడద ఉంది. మేమున్నప్పుడే మందుగుండు పేలిన చప్పుడు వినబడింది. కోట కూలితే పేపర్లో వస్తుంది. గొడ్డలి పెచ్చులు కంకరలో కలిస్తే ఎవరికి తెలుస్తుంది? అక్కడి రైతులు కొందరికి తెలుసు, పరిశోధకులకు తెలుసు. మన పిల్లలకూ తెలియాలి.

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ నిధిలోంచి ఏటా ఒక బస్సు ఖర్చు ఇస్తే చాలు. బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట మ్యూజియం ఉంది, ముందు అది చూపించండి. కొండ ఎండెక్కకముందే ఎక్కించండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. పెచ్చులు మాత్రం ఒక్కటి కూడా జేబులో వేసుకోనివ్వకండి. దిగేటప్పుడు అందరి జేబులూ చూడాలి, టీచర్లవి కూడా.