పదకొండు పువ్వులు

(గృహాధారిత శ్రామిక స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఒక ఆదివారం హైదరాబాదులో కుట్లు, అల్లికలు, వస్త్రకళల ప్రదర్శనకు వెళ్లాను. పరిశోధనకని కాదు, ఊరికే. నిజానికి కుట్లు అల్లికలంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మా బళ్లో మగపిల్లలు ఆడుకునే పీరియడులో మమ్మల్ని రుమాలు అంచులు కుట్టమని కూర్చోబెట్టేవారు. స్త్రీవాదంలోకి వచ్చాక ఆ చిరాకుకు సిద్ధాంత బలం కూడా దొరికింది. ఆడపిల్ల తల వంచుకుని కూర్చోవడానికే సూదీ దారం ఇచ్చారని ఎన్నో సభల్లో చెప్పాను.

అక్కడ ఏసీ హాల్లో గోడలకు వస్త్రకళాఖండాలు వేలాడదీశారు. ప్రతిదాని పక్కనా చిన్న అట్ట మీద కళాకారిణి పేరు, సంవత్సరం ఉన్నాయి. పాత చీరముక్కలతో తన అమ్మ వంటిల్లును బొంతగా కుట్టిన ఒకామె పని ముందు చాలాసేపు నిలబడిపోయాను. బయట షామియానా కింద లంబాడీల అద్దాల కుట్టు, నర్సాపురం లేసు పెట్టారు. అక్కడి అట్టల మీద ధర, కొలత మాత్రమే ఉన్నాయి. రెండుచోట్లా ఆడవాళ్ల చేతులే. ఒకచోట కళ అయింది, ఇంకోచోట సరుకు అయింది.

లేసు గురించి మనలో చాలామందికి మరియా మీస్ పుస్తకం ద్వారానే తెలుసు. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి జిల్లాలకు తెచ్చిన ఈ అల్లిక ఎగుమతి పరిశ్రమగా ఎదిగితే, అల్లేవాళ్లను మాత్రం తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగానే చూశారని, జనాభా లెక్కల్లో అత్యధికులు శ్రామికులుగా నమోదే కాలేదని ఆమె చూపించారు. 2023లో మీస్ చనిపోయారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. పేరుకు గుర్తింపు వచ్చింది, మంచిదే.

షామియానాలో ఉన్న లేసు అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక టేబుల్ క్లాత్ బేరమాడాను. (అవును, నేనే ఆడాను. తర్వాత సిగ్గుపడ్డాను.)

"ఇంటి దగ్గర ఏం పని చేస్తారమ్మా?" అన్నాను.

"ఏం పనేముందండీ, ఖాళీగానే ఉంటాను."

"మరి ఇది?"

"ఇదా! కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు అల్లుకుంటామండీ."

ఇరవై ఏళ్లుగా నా ప్రశ్నపత్రాలకు వస్తున్న జవాబే ఇది. రోజుకు ఎన్ని గంటలని అడిగితే నవ్వేసింది. గంటలు ఎవరు చూస్తారన్నది. ఎందుకో, "నిన్న ఎన్ని పువ్వులు అల్లారు?" అని అడిగాను. లేసులో ఒక్కో పువ్వు విడిగా అల్లి, తర్వాత అతుకుతారు కదా.

"నిన్న బస్సులో వచ్చానండీ. మొన్నయితే పదకొండు."

తడుముకోలేదు. ఎప్పుడెప్పుడని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టింది. తెల్లారగట్ట పాలవాడు రాకముందు ఒకటి, అన్నం ఉడికేలోగా అర పువ్వు, పిల్లాడు బడికెళ్లాక మూడు, అత్తగారికి కాళ్లు పట్టి లేచాక... రాత్రి పదకొండింటికి ఆఖరిది.

2019లో ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో రోజును అరగంట ముక్కలుగా రాసుకున్నారు. ఒక ముక్కలో పది నిమిషాలైనా పట్టని పనికి చోటు లేదు. అన్నం పొంగు చూసుకుంటూ అల్లిన నాలుగు వరసలు ఏ గడిలో పడతాయి? కనీస వేతనం అడగాలంటే గంటలు చూపించమంటారు. గృహాధారిత శ్రమపై 1996 నాటి అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం ఇంతవరకూ ఆమోదించలేదు. రేపు ఆమోదించినా ఈ చిక్కు మిగిలే ఉంటుంది.

మీ చేతుల్లో ఉన్న సర్వే పత్రం నేను తయారు చేసిందే. మూడో పేజీలో "రోజుకు పనిగంటలు" అన్న గడి కొట్టేయండి. దాని కింద "మొన్న ఎన్ని పువ్వులు, ఎప్పుడెప్పుడు" అని రాసుకోండి. బీడీలైతే కట్టలు, అప్పడాలైతే లెక్క. మధ్యాహ్నం బృందాలుగా కూర్చున్నప్పుడు దీని మీదే మాట్లాడుకుందాం.

టేబుల్ క్లాత్ చెప్పిన ధరకే కొన్నాను. ఆమె పేరు అడిగి వెనక రాయించుకున్నాను. ఇంకా ఐదుగురి పేర్లు రాయాలండీ, అతుకు వేరేవాళ్లు వేశారు, అన్నది.