మరియానా అగాధములోని మెత్తని చేప

కడలి అట్టడుగున బ్రతుకు ప్రాణికి ఇనుమువంటి దేహము కావలెనని మనము తలంతుము. పసిఫిక్ మహాసముద్రమందలి మరియానా అగాధములో తిరుగు ఒక చిన్న చేప ఈ తలంపును తారుమారు చేయుచున్నది.

దీనికి 2017లో శాస్త్రజ్ఞులు 'సూడోలిపారిస్ స్వైరీ' అని పేరిడిరి. 1875లో ఆ అగాధపు లోతును తొలిసారి కొలిచిన 'ఛాలెంజర్' ఓడలోని అధికారి హెర్బర్ట్ స్వైర్ పేరు ఇందులో నిలిచినది. చేప ఇంచుమించు జానెడు పొడవు. పొలుసులు లేవు. లేత గులాబి చర్మములోనుండి కాలేయము కనబడును. పుర్రె సైతము పూర్తిగా గట్టిపడదు. పెక్కు చేపలకుండు గాలితిత్తి దీనికి లేదు. కావున ఒత్తిడికి నలుగుటకు లోపల బోలు చోటే లేదు. దేహములోని ఒక రసాయన పదార్థము మాంసకృత్తుల రూపు చెడకుండ కాచును. ఇట్లు ఏడెనిమిది వేల మీటర్ల లోతున, ఉపరితలముకన్న ఏడెనిమిది వందల రెట్ల ఒత్తిడిలో, ఇది సుఖముగా ఈదుచుండును.

దీని ఆహారము రొయ్యలను పోలిన చిన్న ప్రాణులు. చేపకు పేరిడిన ఆ 2017లోనే, ఆ అగాధమందలి అట్టి ప్రాణులలో పి.సి.బి. అను విషపదార్థములు కలవని వెల్లడియైనది. విద్యుత్పరికరములకై మానవుడు తయారుచేసిన వీనిని 1970 తరువాత పెక్కు దేశములు నిషేధించినవి. అయినను అవి నశింపలేదు, అడుగునకు చేరినవి.

అనగా, ఈ చేపకు మనము పేరు పెట్టకమునుపే మన విషము దాని ముంగిట చేరినది. కడలి బరువును మోయ నేర్చిన ఆ మెత్తని దేహమునకు ఈ బరువును మోయుట ఎవరు నేర్పెదరు?