ఫిల్మ్‌లో పడని కూలర్

ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు కూర్చోకముందే అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, మచ్చ ఉందన్నారు, టీబీయేనా?" మన దేశంలో ఆ అనుమానం రావాల్సిందే. కానీ ఎక్స్‌రేలో గాలి నల్లగా పడుతుంది. గాలి ఉండాల్సిన చోట ఇంకేదైనా చేరితే తెల్లబడుతుంది. చేరింది చీమో, నీరో, రక్తమో ఆ తెలుపు తనంతట తాను చెప్పదు.

ఒకావిడ నా దగ్గరికి వచ్చేసరికే ఆర్నెల్లు టీబీ మందులు మింగింది. తెమడ పరీక్షలో క్రిమి ఒక్కసారీ దొరకలేదు. దగ్గు తగ్గలేదు, మెట్లెక్కితే ఆయాసం. సీటీ రెండుసార్లు తీయించాం: ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు ఒకటి, పూర్తిగా వదిలేశాక ఇంకొకటి. వదిలేశాక ఊపిరితిత్తి అంతా కాస్త తెల్లబడాలి. ఆవిడకి అక్కడక్కడా నల్లగానే ఉండిపోయింది, అతుకుల బొంతలాగా. సన్నటి గాలిగొట్టాలు వాచి, గాలి బయటికి రాలేక చిక్కుకుందన్నమాట. పీల్చేదేదో పడటం లేదని అనుమానం వచ్చింది.

"ఇంట్లో పావురాలున్నాయామ్మా?" లేవు. "కూలర్?" ఉంది. గడ్డి మార్చి మూడు వేసవులైందట. వాళ్లబ్బాయి ఫోన్‌లో ఫొటో చూపించాడు. గడ్డంతా నల్లటి బూజు.

ఇలా పీల్చింది పడక ఊపిరితిత్తులు వాచే జబ్బుని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బని మేమూ అనుకునేవాళ్లం. ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతినే జబ్బులున్న 1,084 మందిని 27 కేంద్రాల్లో పరిశీలించి, 2017లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో 47 శాతం మందికి తేలింది ఇదే. వాళ్లలో దాదాపు సగం మంది కూలర్ గాలి పీల్చినవాళ్లే.

రాయి కొట్టేవాళ్ల ఫిల్మ్ ఇంకో తిరకాసు. సిలికా ధూళి వల్ల పడే చుక్కలూ, టీబీ వల్ల పడే కొర్రగింజలంత చుక్కలూ ఒక్కోసారి అన్నదమ్ముల్లా ఉంటాయి. శోషరస గ్రంథుల అంచున గుడ్డుపెంకులా సున్నం గీత కనిపిస్తే సిలికా వైపు మొగ్గుతాం. అయినా తెమడ పరీక్ష మానం. సిలికా పీల్చినవాళ్లకి టీబీ తొందరగా పట్టుకుంటుంది, రెండూ కలిసే ఉండొచ్చు. అందుకే నేను ఫిల్మ్‌ను వెలుతురుకి ఎత్తకముందే "ఏం పని చేస్తారు?" అని అడుగుతాను. కొందరికి చిరాకు.

ఆవిడ సంగతికొస్తే, ముందు కూలర్ బయట పడేయించి, తర్వాత స్టెరాయిడ్ మొదలుపెట్టాం. మొన్న వచ్చి, "కొత్త కూలర్ కొనుక్కోవచ్చా?" అంది. ఫ్యాను కిందే పడుకోమన్నాను.