బలహీనులపై తొలి విజయములు

ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు చెప్పిన మాట ఆటస్థలమునకు కూడ చక్కగా అన్వయించును. క్రీడాకాలపు ఆరంభమున తనకంటె తక్కువవారితోనే తలపడి వరుసగా గెలిచిన జట్టు, తన బలమును గూర్చి తానే భ్రమపడుట సహజము. ఆ భ్రమ పెద్ద పోటీలో తొలగును. అప్పటికి దిద్దుకొనుటకు వ్యవధి యుండదు.

అమెరికాలో విశ్వవిద్యాలయముల బాస్కెట్‌బాల్ ఆటలు నవంబరులో మొదలగును. అచటి విశ్వవిద్యాలయములు కూటములుగా ఏర్పడియున్నవి. కూటమిలోని ఆటల పట్టికను కూటమియే నిర్ణయించును. దానికి వెలుపల, ముఖ్యముగా తొలి వారములలో, ఎవరితో ఆడవలెనో చాలవరకు ఆయా విశ్వవిద్యాలయములే ఎన్నుకొనును. మార్చిలో జరుగు జాతీయ పోటీని 2011లో 68 జట్లకు విస్తరించిరి. కూటముల విజేతలకు అందు నేరుగా ప్రవేశము. తక్కిన చోట్లను ఎంపిక సమితి నింపును.

ఆ సమితి గెలుపుల సంఖ్యను మాత్రమే చూచి తృప్తిపడదు. 1981లో ఏర్పడి 2018 వరకు వాడుకలోనున్న లెక్కలో జట్టు స్వంత గెలుపులకు నాల్గవవంతు, ప్రత్యర్థుల గెలుపులకు సగము, ఆ ప్రత్యర్థులతో ఆడినవారి గెలుపులకు తక్కిన నాల్గవవంతు విలువ. తరువాతి పద్ధతిలో, స్వంత ఆవరణలో ఆడి మొదటి తరగతి విజయము పొందవలెనన్నచో మొదటి 30 స్థానములలోని జట్టును ఓడింపవలెను. పరాయి ఆవరణలోనైనచో మొదటి 75 స్థానములలోని జట్టు చాలును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతను అంకెలలో వ్రాసినట్లున్నది.

2019లో నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టు, ఎంపికనాటికి 22 ఆటలు గెలిచి 11 ఓడెను. అయినను జాతీయ పోటీలో దానికి చోటు దక్కలేదు. కూటమికి వెలుపల అది ఆడిన ప్రత్యర్థుల బలమును లెక్కింపగా, దేశమందలి 353 జట్లలో దానిది 353వ స్థానము.

మన రాష్ట్రమున దీనికి పోలికను క్రికెట్‌లో చూడవచ్చును. 2022–23 రంజీ పోటీలలో తన వర్గమున చిట్టచివర నిలిచిన హైదరాబాదు జట్టు, మరుసటి యేడు ప్లేట్ విభాగమునకు దిగెను. అచట ప్రత్యర్థులు నాగాలాండ్, మేఘాలయ, సిక్కిం, మిజోరం, అరుణాచల్ ప్రదేశ్. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌పై తన్మయ్ అగర్వాల్ 147 బంతులలో 300 పరుగులు పూర్తిచేసి, 366 పరుగులు సాధించెను. హైదరాబాదు ఆ విభాగపు విజేతయై తిరిగి పైకి వచ్చెను. కాని 2024–25లో ఎలీట్ విభాగపు క్వార్టర్ ఫైనలు చేరిన ఎనిమిది జట్లలో అది లేదు. ఆ 366 పరుగుల ఘనతను తగ్గించుట నా ఉద్దేశము కాదు. పై మెట్టున ఏమి జరుగునో ఆ అంకె చెప్పజాలదనుటయే తాత్పర్యము.

ఇక మన ఖమ్మము, భద్రాచల మన్య ప్రాంతపు కళాశాలల సంగతి. ఇచటి జట్లు ఇరుగుపొరుగువారితో ఆడుటకు కారణము సులభ విజయములపై మోజు కాదు, దూరము. భద్రాచలమునుండి ఖమ్మము నూరు కిలోమీటర్లకు పైబడినది. భద్రాచలం రోడ్ అను పేరుగల రైలుస్టేషను సైతము సుమారు 40 కిలోమీటర్ల అవతల కొత్తగూడెమున ఉన్నది. చర్ల, దుమ్ముగూడెములనుండి వచ్చు పిల్లలకు దారి ఖర్చులే భారము. ఓడినవారు వైదొలగు పద్ధతిన జరుగు పోటీలలో, వారెదుర్కొను మొదటి బలమైన జట్టే చివరి జట్టు కావచ్చును. విశ్వవిద్యాలయపు జట్టులో చోటు, దానివెంట చదువునందును ఉద్యోగమునందును ఉపకరింపగల యోగ్యతాపత్రము, ఆ ఒక్క పూటలో చేజారును.

బాస్కెట్‌బాల్‌లో 8 సెకండ్లలోపల బంతిని ఆవరణపు సగము దాటింపవలెను. 24 సెకండ్లలోపల బుట్టకు విసరవలెను. అడ్డగించువాడు లేనప్పుడు ఈ గడువులు భారముగా తోచవు. గట్టివాడు ఎదుట నిలిచినప్పుడే అందించుటలోని అలసత్వము, వెనుకకు పరుగెత్తుటలోని జాప్యము బయటపడును.

అట్లని క్రొత్తవారిని ప్రతి వారము ఘోర పరాజయమునకు గురిచేయుటయు తగదు, ధైర్యము సన్నగిల్లును. సమానులతో కొన్ని ఆటలు, అధికులతో కనీసము ఒకటి రెండు, పోటీలకు నెల ముందే ఏర్పరచుట మేలు. ఈ యేడు ఖమ్మము జట్టును భద్రాచలమునకు ఆహ్వానించి, వచ్చే యేడు మనము వెళ్లినచో బస్సు ఖర్చు ఇరువురికిని పంచుకొనినట్లగును. పదిమంది పిల్లలకు భోజనము, ఒక రాత్రి బస ఊరివారు కల్పింపలేనివి కావు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ ఆటనుండి ఇల్లు చేరినప్పుడు “గెలిచితివా?” అని అడుగుటకు ముందు, “ఎవరితో ఆడితివి?” అని అడుగుడు.