తూము తలుపు ఎందుకు మొరాయిస్తుంది?

కాలువలో నీరు తక్కువున్నప్పుడు ఒక్కడు లేపే తూము తలుపు, కాలువ నిండాక ఇద్దరు పట్టినా కదలదేం? దాళ్వాలో వంతు రోజున తలుపు లేవకపోతే ఆ తడి పోయినట్టే గదా.

తలుపు బరువు పెరగలేదు. నీరు దాన్ని గాడికేసి నొక్కుతోంది. ఒత్తిడి రెట్టింపైతే రాపిడి పట్టూ రెట్టింపే. మీటరు వెడల్పు తలుపుకు ఒక ప్రక్కనే మీటరు లోతు నీరుంటే, ఒత్తిడి సుమారు 500 కిలోలు. లోతు 2 మీటర్లైతే వెయ్యి కాదు, 2,000! పట్టూ నాలుగింతలన్నమాట. పైగా కష్టమంతా కదిలేదాకానే. కదిలాక కొంత తేలిక.

మన ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు ఎరుగుదురు గదా. లాకుల్లో పడవ దాటించేటప్పుడు ముందు రెండు ప్రక్కలా నీరు సమం చేసేది ఈ ఒత్తిడి పోగొట్టడానికే.

పట్టు ఒత్తిడిని బట్టేగాని ఒరుసుకునే చోటు వెడల్పును బట్టి కాదని అమాంటన్స్ అనే ఫ్రెంచి పండితుడు 1699లోనే చెప్పాడు. కనుక గాడి అంచు చెక్కి లాభం లేదు, నీరు కారడం తప్ప. తుప్పు గీకి గ్రీజు పూయండి. గునపంతో పొడిస్తే మర విరుగుతుంది. వంతుకు ముందే, కాలువ తగ్గి ఉన్న పూట, తలుపును ఒకసారి ఎత్తి దించి చూసుకోండి.