ఒక నెల పరీక్ష

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఇంటి ఖర్చులు - నియంత్రణ’ అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు జీతం రాళ్ళతో పిల్లల్ని చదివించి, పెళ్ళిళ్ళు చేసి, ఇల్లో స్థలమో అమర్చుకున్న వాళ్ళకు పొదుపు గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అందుచేత గ్యాసు మంట తగ్గించండి, దీపాలు ఆర్పండి అని చెప్పి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. వాటి దగ్గరికీ వస్తాను గాని, ముందు ఒక ప్రశ్న వేస్తాను.

మీ ఇంట్లో నెలకు ఎంత ఖర్చవుతుందో మీకు తెలుసు. మీ తర్వాత మీ ఆవిడ చేతికి నెలకు ఎంత వస్తుందో తెలుసా? సోదరీమణుల్లో పెన్షనర్లుగా ఉన్నవారు ఇదే ప్రశ్న తమ భర్తల విషయంలో వేసుకోవాలి. అశుభం పలుకుతున్నాననుకోకండి. సర్వీసంతా లెక్కల్లో గడిపినవాణ్ణి, అంకె తెలియకుండా మాట్లాడడం నాకు చేతకాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చివరి మూలవేతనం 60,000 రూపాయలు. పూర్తి సర్వీసు ఉంది కనుక పెన్షన్ అందులో సగం, 30,000. ఆయన 40 శాతం కమ్యూట్ చేశారు. అంటే నెలకు 12,000 తగ్గి 18,000 మిగిలింది. అయితే కరువు భృతి తగ్గిన పెన్షన్ మీద కాకుండా పూర్తి 30,000 మీద లెక్క కడతారు. గుణకారం తేలిగ్గా ఉండడానికి కరువు భృతి 30 శాతం అనుకుందాం. 9,000 వస్తుంది. మొత్తం చేతికందేది 27,000. పదిహేనేళ్ళు నిండాక కమ్యూట్ చేసిన భాగం తిరిగి కలుస్తుంది. అప్పుడు 39,000.

ఇక కుటుంబ పెన్షన్. మొదట కొంత కాలం, అంటే ఏడేళ్ళు గాని, ఆయనకు నిబంధనల్లో చెప్పిన వయసు నిండేదాకా గాని, ఏది ముందయితే అంతవరకు ఎక్కువ రేటున ఇస్తారు. ఆ తర్వాత చివరి మూలవేతనంలో 30 శాతమే. మన ఉదాహరణలో 18,000. దాని మీద కరువు భృతి 5,400. వెరసి 23,400. కమ్యూట్ చేసినందువల్ల కుటుంబ పెన్షన్ తగ్గుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. ఆ కోత పెన్షనరుతోనే ఆగిపోతుంది.

ఇప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కమ్యూటేషన్ కోత నడుస్తున్న రోజుల్లో 27,000కు, 23,400కు తేడా 3,600 మాత్రమే. ఎలాగో సర్దుకోవచ్చు. కోత పూర్తయ్యాక తేడా 15,600. అంటే 39,000లో నూటికి నలభై. ఆ కోత పూర్తయ్యేది ఎప్పుడు? డెబ్బై అయిదు దాటే వయసులో. ‘ఇన్నాళ్ళకు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి’ అని పనిమనిషికి తోడు వంటమనిషిని కూడా పెట్టుకుని, ఏసీ కొని, మనవలకు ఉదారంగా ఇవ్వడం మొదలుపెట్టేది అప్పుడే. ఎక్కువ రేటు కుటుంబ పెన్షన్ గడువు దాటిపోయేదీ ఆ వయసులోపే. ఖర్చు మాత్రం మనిషి తగ్గాడు కదా అని సగం కాదు. ఇంటద్దె, అపార్టుమెంటు మెయింటెనెన్సు, కేబుల్, పేపరు, ఫ్రిజ్ కరెంటు, ఇవేవీ ఇద్దరున్నారా ఒకరున్నారా అని అడగవు.

2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ కిందికి వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు. వారి సంగతి వేరే సభ పెట్టుకుని మాట్లాడుకోవలసినంత ఉంది.

నా మనవి ఇదీ. వచ్చే నెలో, ఆపై నెలో, ఒక్క నెల మీ ఇంటిని ఆ కుటుంబ పెన్షన్ అంకెతో నడిపి చూడండి. ఒకటో తారీఖున ఆ అంకె పోను మిగతాది వేరే ఖాతాలోకి పంపించండి. పెన్షనరుగారి మందుల ఖర్చు ముందే పక్కన తీసి పెట్టుకోవచ్చు, అది పరీక్షలోకి రాదు. ఇంకో షరతు: ఆ నెల డబ్బు, పద్దు పుస్తకం, ఏటీఎం కార్డు, కరెంటు బిల్లు అన్నీ ఆవిడ చేతిలో ఉండాలి. చాలా ఇళ్ళలో కూరగాయలు, పాలు ఆవిడ చూస్తే, బ్యాంకు, బిల్లులు, ఇన్సూరెన్సు ఆయన చూస్తారు. ఆయన ఆసుపత్రిలో పడుకున్న రోజున గ్యాసు బుక్ చేయడానికి ఏ నంబరు నొక్కాలో ఆవిడకు తెలియదు. ఆవిడ ఊరెళితే పప్పు డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆయనకైతే హోటలుంది. ఆవిడ సంగతి అలా కాదు.

ఏ నెల ఎంచుకోవాలంటారా? కొందరు ఆషాఢం మంచిదంటారు, పెళ్ళిళ్ళుండవు కనుక చదివింపుల బెడద లేదు. హైదరాబాదు వారికి బోనాలుంటాయనుకోండి. కానీ తేలికైన నెల ఎంచుకుంటే తేలికైన జవాబే వస్తుంది. అందుకని ఏ నెలైనా సరే, ఏడాది ఖర్చుల్లో పన్నెండో వంతు అందులో వేయాలి. ఇంటి పన్ను, ఆరోగ్య బీమా ప్రీమియం, ఆవకాయ సామగ్రి, పండగ బట్టలు, పెద్దల తద్దినాలు, పిల్లల దగ్గరికి ప్రయాణం, చదివింపులు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే ఏడాదికి 48,000 తేలిందనుకోండి, నెలకు 4,000. అది ఖర్చయినట్టే రాసి పక్కన పెట్టాలి. నా అనుభవంలో బడ్జెట్లు తలకిందులయ్యేది బియ్యం, పప్పుల దగ్గర కాదు. ఏడాదికొకసారి వచ్చి ‘అనుకోని ఖర్చు’ అని పేరు పెట్టించుకునే ఈ పద్దుల దగ్గరే. ఉగాది ఏటా వస్తుంది, ఇంటి పన్నూ ఏటా వస్తుంది. ఇందులో అనుకోనిదేముంది? ఆ పన్ను విషయంలోనే, ఏడాది మొత్తాన్ని ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఇచ్చే పద్ధతి మన పురపాలక సంఘాల్లో నడుస్తూ వచ్చింది. డబ్బు ముందే పక్కన ఉన్నవారికే అది అందుతుంది.

ఇక నెలవారీ పద్దులు. వీటిలో కొన్ని కళ్ళకు కనిపించవు. ఫోన్ రీచార్జి చూడండి. 28 రోజుల ప్లాను పన్నెండుసార్లు వేయిస్తే 336 రోజులే. మిగిలిన 29 రోజులకు పదమూడోసారి కట్టాలి. ‘నెలకు ఇంతే కదా’ అనుకున్నది ఏడాదికి పదమూడు నెలలు చేస్తుంది. 2022లో ట్రాయ్ చెప్పాక ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానైనా ఉంచవలసి వచ్చింది. షాపువాడు దాని పేరెత్తడు, మనమే అడగాలి. ఇంట్లో కూర్చునే మనకు రోజుకు రెండు జీబీల డేటా ఎందుకో కూడా ఆలోచించుకోవాలి. మనవడు సెలవుల్లో వచ్చి టీవీలో పెట్టించిన సినిమా యాప్, వాడు వెళ్ళిపోయాక కూడా నెలనెలా ఖాతాలోంచి డబ్బు లాగుతూనే ఉంటుంది. పాస్‌బుక్ మూడు నెలలది ముందు పెట్టుకుని, ఆటోమేటిక్‌గా పోతున్న ప్రతి మొత్తం ఎదురుగా అదేమిటో రాయండి. రాయలేనిది ఆపించండి.

ఫోన్‌తో చెల్లించడం సౌకర్యమే, కాదనను. కానీ పర్సులోంచి అయిదువందల నోటు తీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆగదు. పరీక్ష నెలలో కూరలు, పాలు, కిరాణా, చిల్లర ఖర్చులకు వారానికింతని నగదు తెచ్చి కవర్లలో పెట్టుకోండి. శనివారం నాటికి కవరు ఖాళీ అయితే ఆదివారం ఇంట్లో ఉన్నదే వండుకోవాలి. ఒక కవరులోంచి ఇంకో కవరులోకి అప్పు తెచ్చుకోకూడదా అని అడుగుతారు. తెచ్చుకోవచ్చు, కాని పద్దు పుస్తకంలో ఎర్ర సిరాతో రాయాలి.

కరెంటు గురించి మాట ఇచ్చాను కనుక చెబుతాను. వెయ్యి వాట్లు గంట వాడితే ఒక యూనిట్. 2,000 వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్, నెలకు 30. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గరుంటుంది కనుక 11 యూనిట్లు సరిపోతాయి. అలాగని బాగా తిరుగుతున్న పాత ఫ్యానును పీకెయ్యమనను. ఖరీదు తిరిగి రావడానికి చాలా నెలలు పడుతుంది. కాలిపోయినప్పుడు మాత్రం రీవైండింగ్ చేయించకుండా కొత్తది వేయించండి. స్లాబు దాటితే రేటు పెరుగుతుంది కనుక బిల్లు మీద యూనిట్ల సంఖ్య చూసే అలవాటు చేసుకోవాలి. మనలో చాలామంది రూపాయలే చూస్తాం.

సరుకుల సంగతి. పూర్వం కంది, మినుము, చింతపండు, మిర్చి ఏడాదికి సరిపడా పంట చేతికొచ్చే కాలంలో కొనేవాళ్ళం. అప్పుడు ఇంట్లో పదిమంది. ఇప్పుడిద్దరం. చింతపండు, మిరపకాయలు మాఘ ఫాల్గుణాల్లో కొని ఎండబెట్టి దాచుకోవడం ఇప్పటికీ లాభమే. పప్పులు మాత్రం మూడు నెలలకు మించి కొనకండి, పురుగు పట్టినది పారబోస్తే ఆదా అంతా అందులోనే పోతుంది. నూనె ప్యాకెట్లు ఒకేలా కనిపిస్తాయి గాని అన్నిటిలో ఒకే తూకం ఉండదు. వెనకవైపు గ్రాములు చూసి పోల్చుకోవాలి. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు దగ్గరలో ఉన్నవారికి కూరగాయల్లో కొంత కలిసివస్తుంది. ఆటోకు డబ్బు పెట్టుకుని వెళ్ళి కొనేవారికి రాదు.

ప్రయాణాల్లో ఒక చేదు నిజం. రైళ్ళలో వృద్ధులకు, పురుషులకు 40, స్త్రీలకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. పాత అంకెతో కాశీయాత్రకు బడ్జెట్ వేసుకుంటే కుదరదు. ఆర్టీసీ వైపు మాత్రం ఆడవారికి మేలు జరిగింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు సంచీలో ఉంచుకోండి.

ఇప్పుడు కోయకూడనివి. పరీక్ష పేరు చెప్పి బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవాళ్ళుంటారు. అలా చేయకండి. మందుల్లో తగ్గించదలిస్తే డాక్టరుగారితో మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి దుకాణంలో అడగండి. చాలా మందులు సగం ధరకో, ఇంకా తక్కువకో దొరుకుతాయి. పాలు, పెరుగు, పళ్ళు మానకండి. పనిమనిషి జీతం కోయకండి, ఆమెదీ నెల బడ్జెట్టే. గుడికి వెళ్ళడం, మన సంఘానికి రావడం మానకండి. చందా సంగతి కోశాధికారిగారు చెబుతారు.

పిల్లలకిచ్చే డబ్బు గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. అబ్బాయి ఫ్లాటు వాయిదా, అమ్మాయి పురుడు, మనవడి ఫీజు, ఎవరు కాదంటారు? ఇచ్చేది తప్పని నేననను. అయితే అది పద్దులోకి ఎక్కాలి. ‘పిల్లలకు’ అని ఒక శీర్షిక పెట్టి రాస్తే ఏడాది చివర అంకె తెలుస్తుంది. ఆ అంకె చూశాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. గ్రాట్యుటీ డబ్బు, ఇంటి కాగితాలు మాత్రం ఆవిడను అడగకుండా కదపకండి. బంధువుల అప్పులకు జామీను సంతకం అసలు పెట్టకండి. ఇందులో నాకు మొహమాటం లేదు.

పరీక్ష నెల చివర రెండింట్లో ఒకటి తేలుతుంది. అంకె సరిపోతే, వేరే ఖాతాలో పడినది నెలనెలా అక్కడే ఉండనివ్వండి. అది ఆవిడ నిధి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. మూడు నెలలకొకసారి వడ్డీ చేతికొస్తుంది. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో నెలనెలా వస్తుంది. రెండూ కలిపి పెట్టుకుంటే లోటు కొంతవరకు పూడుతుంది. అంకె సరిపోకపోతే ఎంత తక్కువైందో కాగితం మీద ఉంటుంది. 3,000 తక్కువైందా, 8,000 తక్కువైందా అన్నదాన్ని బట్టి ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోవచ్చు. చిన్న ఇంటికి మారడమా, పై వాటా అద్దెకివ్వడమా, పిల్లలతో మాట్లాడడమా అన్నది ఇద్దరుండగా తేల్చుకోవడం వేరు, పదకొండో రోజు చుట్టాల మధ్య తేల్చడం వేరు.

కాగితాల మాట చెప్పి సెలవు తీసుకుంటాను. మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఇంటికెళ్ళగానే తీయండి. అందులో భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, పుట్టిన తేదీ రాసి ఉందా చూడండి. వయసు పెరిగేకొద్దీ వచ్చే అదనపు మొత్తం కుటుంబ పెన్షన్‌లో ఆవిడ వయసును బట్టే వస్తుంది కనుక ఆ తేదీ లేకపోతే నష్టం ఆవిడకే. పొదుపు ఖాతా ఇద్దరి పేరనా, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉందా, నామినేషన్లు ఉన్నాయా అన్నది బ్యాంకులో కనుక్కోండి. తప్పులు దిద్దించడానికి దరఖాస్తు నమూనా, ఏడాది పద్దుల కాగితం కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. దంపతులకొకటి చొప్పున తీసుకోండి. అమ్మలు తీసుకుంటే మరీ మంచిది.